లాన్ మోవర్ స్టార్ట్ అవ్వట్లేదా? ముందు ట్యాంకులో గ్యాస్ సంగతి చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో సగం గడ్డి మీదే ఉంటాయి, ఈసారి మరీను, దాదాపు అన్నీ గ్యాస్‌తో (అంటే పెట్రోల్‌తో) నడిచే తోసుకెళ్ళే లాన్ మోవర్ గురించే. సింకు లీకులూ డెక్ పెయింట్లూ అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల. వరసగా చదివితే మీకే తెలుస్తుంది, వీటిలో చాలా తలనొప్పులకి మూలం ఒకటే, ట్యాంకులో వదిలేసిన పాత గ్యాస్.

ప్రశ్న: నవంబర్‌లో బాగానే నడిచిన మోవర్ ఇప్పుడు తాడు ఎంత లాగినా స్టార్ట్ అవ్వట్లేదు, భుజం పట్టేసింది. ఒక్కోసారి రెండు సెకన్లు నడిచి ఆగిపోతోంది. షాపులో అడిగితే కార్బురేటర్ మార్చాలి 140 డాలర్లు అన్నారు. ఈలోపు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు గడ్డి పెరిగిందని లెటర్ పంపారు. ఇంకో రెండొందలు వేసుకుని కొత్తదే కొనేయమంటారా? – ఫ్రిస్కో, టెక్సాస్

కొనకండి, ఒక్క శనివారం ఆగండి. రెండు సెకన్లు నడిచి ఆగుతోంది అన్నారు చూడండి, అక్కడే దొరికిపోయింది. అంటే స్పార్క్ వస్తోంది, ఇంజిన్‌లో కంప్రెషన్ కూడా ఉంది, లోపలికి గ్యాస్ సరిగ్గా అందట్లేదు అంతే. మనం బంకులో పోయించుకునే మామూలు గ్యాస్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది, ఇంకోపక్క గ్యాస్‌లో తేలిగ్గా మండే భాగం నెమ్మదిగా ఆవిరైపోతూ ఉంటుంది, నెల దాటితేనే దాని పస తగ్గడం మొదలవుతుంది, మీరేమో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గరాజ్‌లో వదిలేశారు. గ్యాస్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బురేటర్, దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది, అందులో మిగిలిన గ్యాస్ పాకం అడుగంటినట్టు అంటుకుపోయి, గ్యాస్ వెళ్ళే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది.

ముందు మోవర్‌ని బయటికి తెచ్చుకోండి, గరాజ్‌లో ఈ పని వద్దు, పక్కనే వాటర్ హీటర్ పైలట్ మంట ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి. ట్యాంకులో పాత గ్యాస్‌ని చేత్తో నొక్కే పంపుతో తీసెయ్యండి, నోటితో పైపు పీల్చడం లాంటి వేషాలు వద్దు. ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ వెనకాల చూస్తే కార్బురేటర్ కనిపిస్తుంది, పాతకాలం లోహపు మోడల్స్‌లో కింద గిన్నెని పట్టుకుని ఒకే ఒక బోల్టు ఉంటుంది. కింద ఒక డబ్బా పెట్టి ఆ బోల్టు విప్పండి. గిన్నె చేతిలోకి వచ్చాక అడుగున చూడండి, తెల్లటి పొడిలాగానో పచ్చగానో పేరుకుని, వేలు పెడితే జిగటగా అంటుకుంటుంది, మీ 140 డాలర్ల రోగం అదే. గ్యాస్ వెళ్ళే ఆ సన్న రంధ్రమున్న ముక్కని జెట్ అంటారు, కొన్నిటిలో ఆ బోల్టుకే జెట్ ఉంటుంది, కొన్నిటిలో పైన మధ్య గొట్టంలో ఉంటుంది. దాన్ని వెలుగుకి ఎదురుగా పెట్టి రంధ్రంలోంచి చూడండి, వెలుతురు కనిపించకపోతే మూసుకుపోయినట్టే. పాత కరెంటు వైరు ఒలిస్తే లోపల రాగి పోగులుంటాయి కదా, అందులో ఒక్క పోగు తీసి పొడవండి, సూదులూ డ్రిల్లులూ పెట్టి రంధ్రం పెద్దది చేశారో, ఇంజిన్ ఇక జన్మలో సరిగ్గా నడవదు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి (కళ్ళద్దాలు పెట్టుకుని) గిన్నె తుడిచి, రబ్బరు రింగు మెలికపడకుండా మళ్ళీ బిగించి, కొత్త గ్యాస్ పోసి లాగి చూడండి. చాలావరకు ఇంతే. ఇంత చేసినా కదలకపోతే అప్పుడు కార్బురేటర్ మార్చుకోవచ్చు, చాలా మోడల్స్‌కి విడిగా కొంటే షాపు చెప్పిన దానికంటే బాగా తక్కువే పడుతుంది, మీరు కట్టేదాంట్లో ఎక్కువ భాగం వాళ్ళ లేబర్.

హెచ్‌ఓఏకి ఒక వారం టైం ఇమ్మని ఈమెయిల్ పెట్టండి, మామూలుగా ఇస్తారు. మోవర్ స్టార్ట్ అయ్యింది కదా అని మోకాలి ఎత్తు గడ్డిని ఒకే దెబ్బకి నున్నగా గీసెయ్యకండి. ఒకసారికి మూడో వంతుకి మించి కొయ్యకూడదు, బెర్ముడా గడ్డి అయినా దెబ్బ తింటుంది, నాలుగు రోజులు ఆగి మళ్ళీ కొట్టండి.

ప్రశ్న: కారుకి ప్రీమియం కొట్టిస్తాం, మోవర్‌కి కూడా అదే 93 పోస్తే ఇంజిన్ ఎక్కువకాలం వస్తుందా? – కేరీ, నార్త్ కరోలినా

రాదు. 87 చాలు, ఆపైన పోసేది బంకువాడికి బహుమతి. చూసుకోవాల్సింది ఆక్టేన్ నంబర్ (ఆ 87, 93) కాదు, ఇథనాల్ ఎంత ఉందనేది. కొన్ని బంకుల్లో అన్‌లెడెడ్ 88 అని కాస్త చవగ్గా ఇస్తుంటారు, అది ఈ15, అంటే 15 శాతం ఇథనాల్. 2001 మోడల్ నుంచి వచ్చిన కార్లకి పర్వాలేదు కానీ మోవర్లలాంటి చిన్న ఇంజిన్లకి వాడకూడదు, ఇది ఏదో సలహా కాదు, ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) నిషేధమే ఉంది, పంపు మీద స్టిక్కర్ కూడా అతికించి ఉంటుంది, మనం చదవం అంతే. మీ ఏరియాలో ఇథనాల్ లేని గ్యాస్ దొరికితే అది పోసుకోవడం మంచిది, కనీసం సీజన్ చివరి ట్యాంకుకైనా.

ఇంకో మాట, 5 గాలన్ల క్యాన్ కొనకండి. మోవర్ ట్యాంకు పట్టేదే దాదాపు ఒక క్వార్టు (పావు గాలన్), 5 గాలన్లు తెచ్చిపెట్టుకుంటే సీజనంతా అదే వస్తుంది, ఆగస్టులో పోసేది ఏప్రిల్ గ్యాస్ అన్నమాట. 1 గాలన్ క్యాన్ తీసుకోండి. నింపేటప్పుడు క్యాన్‌ని కారు డిక్కీలోనో ట్రక్కు వెనకాలో ఉంచి నింపకండి, కింద నేల మీద పెట్టి నింపండి, స్టాటిక్ కరెంటుతో అంటుకున్న సంఘటనలు ఉన్నాయి.

ప్రశ్న: అన్నా నమస్తే, మాది మహబూబ్‌నగర్, ఇప్పుడు కొలంబస్ ఒహాయోల ఉంటున్నం. మోవర్ కొని మూడేండ్లాయె, ఒక్కసారి గూడ ఆయిల్ మార్చలేదు. మంచిగనే నడుస్తుంది. మార్చాల్నా? ఏ ఆయిల్ పొయ్యాలె? కారుకి మిగిలింది పోస్తే నడుస్తదా?

మంచిగనే నడుస్తుంది తమ్ముడూ, నడిచినన్ని రోజులు. ఒకసారి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి ఆయిల్‌ని తెల్ల పేపర్ టవల్ మీద తుడిచి చూడు, కాటుకలాగా ఉంటుంది. కారుకి ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది, ఈ చిన్న తోపుడు మోవర్లలో చాలావాటికి ఉండదు, లోపల అరిగిన లోహపు పొడంతా ఆ ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. అందుకే కొత్త మోవర్‌కి మొదటి 5 గంటల తర్వాత ఒకసారి మార్చమంటారు, ఆ తర్వాత 50 గంటలకి ఒకసారి లేకపోతే ఏడాదికి ఒకసారి, ఏది ముందొస్తే అది. మామూలు ఇంటి లాన్ వారానికి ముప్పావు గంట, ఒహాయోలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా లెక్కేసుకున్నా పాతిక గంటలు దాటవు, కాబట్టి ఏడాదికి ఒకసారి చాలు. ఈమధ్య కొన్ని మోడల్స్‌కి ఆయిల్ మార్చక్కర్లేదు, తగ్గితే పోస్తే చాలు అని కంపెనీవాళ్ళే చెప్తున్నారు, నీ మాన్యువల్‌లో అలా రాసి ఉందేమో చూసుకో. రాసి ఉన్నా నేనైతే మారుస్తాను, ఎంత పట్టుద్దనీ, అర క్వార్టు అటూ ఇటూ.

ఏ ఆయిల్ అంటే, ఎస్‌ఏఈ 30 అని చిన్న ఇంజిన్లకి విడిగా సీసాలు దొరుకుతాయి, ఎండాకాలానికి అది బాగుంటుంది, కానీ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే స్టార్టింగ్ కష్టం. 10డబ్ల్యూ-30 అయితే చలికి బాగుంటుంది, బాగా ఎండలో కాస్త ఎక్కువ తాగుతుంది. సింథటిక్ 5డబ్ల్యూ-30 రెండిటికీ పనికొస్తుంది, నీ కారుకి మిగిలింది అదే అయితే బేషుగ్గా పొయ్యి.

మార్చేముందు ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపు, ఆయిల్ వెచ్చగా ఉంటే మురికితో సహా జారి వస్తుంది. ప్లగ్ వైరు పీకు. ఇప్పుడు మోవర్‌ని పక్కకి వంచాలి, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండాలి. అటువైపు కిందకి వంచావంటే ఆయిల్ వెళ్ళి ఎయిర్ ఫిల్టర్‌లో చేరి, స్టార్ట్ చెయ్యగానే తెల్లటి పొగ లేస్తుంది, పక్కింటాయన వచ్చి ఏమైందని అడుగుతాడు. ట్యాంకులో గ్యాస్ తక్కువున్నప్పుడే వంచు. కొత్తది కొంచెం కొంచెంగా పోస్తూ చదును నేల మీద లెవెల్ చూడు, ఎక్కువైనా పొగే. డిప్‌స్టిక్ చూసే పద్ధతి కూడా అన్నిటికీ ఒకటి కాదు, హోండా ఇంజిన్లలో మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్‌లో పూర్తిగా బిగించి తీసి చూడాలి, తేడాగా చూస్తే లెవెల్ తప్పొస్తుంది. పాత ఆయిల్‌ని వీధి కాలవలో పొయ్యకు, సీసాలో పట్టి ఆటోజోన్, ఓ రైలీ లాంటి కారు పార్ట్స్ షాపుల్లో ఇస్తే ఊరికే తీసుకుంటారు.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్‌ని కంప్రెసర్ గాలితో కొట్టి శుభ్రం చెయ్యొచ్చా? – ఎడిసన్, న్యూజెర్సీ

పేపర్ ఫిల్టర్ అయితే వద్దు, కంటికి కనపడని చిల్లులు పడతాయి, నేలకేసి మెల్లిగా తట్టండి, దుమ్ము రాలకపోతే కొత్తది వెయ్యండి. స్పాంజి ఫిల్టర్ అయితే గిన్నెలు కడిగే సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి.

ప్రశ్న: గడ్డి కోసిన రెండో రోజుకి లాన్ అంతా పైన తెల్లగా, ఎండిపోయినట్టు కనిపిస్తోంది. నీళ్ళు బాగానే పెడుతున్నాం. ఎరువు తక్కువైందా, తెగులా? – ఆల్ఫరెట్టా, జార్జియా

ఒక్క గడ్డి పోచ పీకి కొస చూడండమ్మా. కత్తిరించినట్టు నీటుగా ఉందా, పీచులు పీచులుగా చీలి ఉందా? చీలి ఉంటే ఎరువూ కాదు తెగులూ కాదు, మీ మోవర్ బ్లేడ్ మొండిబారింది. అది గడ్డిని కొయ్యట్లేదు, కొట్టి చింపుతోంది, చిరిగిన కొసలు ఎండి తెల్లబడుతున్నాయి. ఎరువుల మీద డబ్బులు పోసేముందు ఈ పోచ పరీక్ష చెయ్యమని నేను అందరికీ చెప్తుంటాను.

20, 25 గంటల వాడకానికి ఒకసారి, అంటే సీజన్‌లో ఒకటి రెండుసార్లు పదును పెట్టాలి. ప్లగ్ వైరు పీకడం ఇక్కడ అస్సలు మర్చిపోవద్దు, బ్లేడ్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది, ఎక్కడో మిగిలిన గ్యాస్ అంటుకుంటే చాలు వేళ్ళు పోతాయి. తోలు గ్లవ్స్ వేసుకుని, ఇందాక చెప్పినట్టే ఫిల్టర్ పైకి ఉండేలా వంచి, బ్లేడ్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. తర్వాత తిరగేసి బిగిస్తే ఇంజిన్ నడుస్తుంది గానీ గడ్డి తెగదు, బ్లేడ్ వెనక రెక్కల్లా పైకి లేచిన అంచులు డెక్ (బ్లేడ్‌ని పైనుంచి కప్పే గొడుగు) వైపే ఉండాలి. బ్లేడ్ కదలకుండా డెక్‌కీ దానికీ మధ్య ఒక చెక్క ముక్క ఇరికించి బోల్టు ఎడమకి తిప్పండి, తుప్పు పట్టి మొరాయిస్తే కాస్త నూనె స్ప్రే చేసి ఓ పావుగంట వదిలెయ్యండి.

గ్రైండర్ కంటే ఆకురాయే నయం, గ్రైండర్‌తో అంచు కాలి నీలం రంగుకి తిరిగితే ఆ చోట ఉక్కు మెత్తబడిపోతుంది, పదును నిలవదు. ఉన్న వాలులోనే, సుమారు 30 డిగ్రీలు, పైవైపు నుంచి ఒకే దిశలో రుద్దండి, కత్తిలా పల్చగా చెయ్యకండి, రాయి తగిలితే వెంటనే వంగిపోతుంది. తర్వాత గోడకి ఒక మేకు కొట్టి బ్లేడ్‌ని మధ్య రంధ్రంతో దానికి తగిలించండి. ఒకవైపు కిందకి వాలితే అటువైపు బరువెక్కువ, అటు ఇంకాస్త రుద్దండి, అడ్డంగా నిలబడే దాకా. ఈ పని చెయ్యకపోతే మోవర్ మొత్తం వణుకుతుంది, హ్యాండిల్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి. బిగించేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) పెట్టండి, టార్క్ రెంచ్ చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కడితే అరువిస్తారు. ఎలాగూ వంచారు కాబట్టి డెక్ లోపల పట్టిన గడ్డి పెంటంతా ప్లాస్టిక్ గరిటతో గీకెయ్యండి, తడి గడ్డి అక్కడే ఉండిపోతే డెక్ తుప్పు పట్టి చిల్లులు పడుతుంది.

ప్రశ్న: చెట్టు వేరుకి తగిలి మోవర్ ధడేల్‌మని ఆగిపోయింది. అప్పట్నుంచి తాడు లాగితే చేతిలోంచి వెనక్కి గుంజేస్తోంది, స్టార్ట్ అవ్వట్లేదు. – నేపర్‌విల్, ఇలినాయ్

ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) కదలకుండా పట్టి ఉంచే కీ తెగి ఉంటుంది లేదా నలిగి ఉంటుంది. అది మెత్తటి లోహంతో చేసిన చిన్న ముక్క, అది దెబ్బతిని ఫ్లైవీల్ కొంచెం పక్కకి జరిగిందంటే స్పార్క్ రావాల్సిన టైంకి రాదు, అందుకే తాడు గుంజుతోంది. కీ ఖరీదు ఏమంత కాదు గానీ దాన్ని మార్చాలంటే ఫ్లైవీల్ పీకాలి, దానికి పుల్లర్ అనే పనిముట్టు కావాలి, అలవాటు లేకపోతే షాపులో ఇవ్వండి. ఇచ్చేముందు ఒక పరీక్ష చెయ్యండి, వైరు పీకేసి బ్లేడ్ ఒక కొస నుంచి డెక్ అంచుకి ఎంత దూరమో కొలవండి, బ్లేడ్‌ని సగం తిప్పి రెండో కొసని అదే చోట కొలవండి. తేడా వస్తే బ్లేడన్నా వంగింది, దాన్ని తిప్పే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్ అన్నా వంగింది. కొత్త బ్లేడ్ వేసినా తేడా అలాగే ఉంటే క్రాంక్ షాఫ్టే, దాని మీద ఇక డబ్బులు పెట్టకండి.

ప్రశ్న: ఇల్లు మారుతున్న ఫ్రెండ్ హోండా మోవర్ 150కి ఇస్తానంటున్నాడు. హోండా గ్యాస్ మోవర్లు ఆపేసింది అంటున్నారు, పార్ట్స్ దొరుకుతాయా? – శాన్ రామోన్, కాలిఫోర్నియా

ఆపేసిన మాట నిజమే, 2023 సెప్టెంబర్‌తో నార్త్ కరోలినాలో స్వెప్సన్‌విల్ ఫ్యాక్టరీలో మోవర్ల తయారీ ముగించారు. పార్ట్స్‌కి భయపడక్కర్లేదు, హోండా మోవర్లలో ఉండే ఆ జీసీవీ ఇంజిన్లు లక్షల్లో తిరుగుతున్నాయి, ఫిల్టర్లు, కార్బురేటర్లు, బ్లేడ్లు అన్నీ దొరుకుతాయి. కాలిఫోర్నియాలో అమ్మకూడదన్న రూలు 2024 నుంచి తయారయ్యే కొత్త చిన్న గ్యాస్ ఇంజిన్లకే, ఉన్నవి వాడుకోవడానికి రాష్ట్రం అడ్డు చెప్పలేదు, మీ ఊరి రూలు మాత్రం ఒకసారి చూసుకోండి. కొనేముందు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు వెళ్ళేసరికే ఆయన వేడి చేసి పెట్టాడంటే అనుమానించాల్సిందే, ఫ్రెండైనా సరే. నిజం చెప్పాలంటే మీ లాన్ చిన్నదైతే బ్యాటరీ మోవర్ తీసుకోండి, ఈ పేజీలో చెప్పిన గోల సగం ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు విజయవాడ నుంచి వచ్చారు, ఖాళీగా కూర్చోలేక లాన్ నేనే కొడతానంటున్నారు. లుంగీ, హవాయి చెప్పులతో. హ్యాండిల్ దగ్గర ఆ బార్ పట్టుకుని ఉంటే చేతులు నొప్పి అని దాన్ని తాడుతో కట్టేశారు కూడా. చెప్తే వినట్లేదు, మీరు రాస్తే వింటారు. – కాపెల్, టెక్సాస్

బాబాయిగారూ, ఆ తాడు ఈరోజే విప్పెయ్యండి. అమెరికాలో 1982 నుంచి అమ్మే ఈ తోపుడు మోవర్లన్నిటికీ ఆ బార్ వదిలిన 3 సెకన్లలో బ్లేడ్ ఆగిపోవాలని రూలు ఉంది, కాలుజారి పడినా బ్లేడ్ ఆగేది దాని వల్లే. కట్టేస్తే మీరు కింద, మోవర్ తిరుగుతూ మీ మీద. చేతులు నొప్పైతే పది నిమిషాలకోసారి ఆపి మజ్జిగ తాగండి, గడ్డి ఎక్కడికీ పోదు. ప్యాంటు, బూట్లు తప్పనిసరి. వేడి ఇంజిన్‌లో గ్యాస్ పొయ్యొద్దు, ఓ పావుగంట చల్లారనివ్వండి. మనవడు నేనూ తోస్తానంటే 12 ఏళ్ళు నిండేదాకా వద్దు, ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా అదే, మీరు కొడుతున్నంతసేపూ వాడు ఇంట్లో ఉండాలి. మీ అబ్బాయికి ఒక మాట, నాన్నగారి విజిటర్స్ ఇన్సూరెన్స్ తీసుకున్నారా?

ప్రశ్న: జూన్ మొదటి నుంచి ఆగస్టు దాకా ఇండియా వెళ్తున్నాం. మోవర్‌కి ఏం చెయ్యాలి? చలికాలానికి చేసేదంతా ఇప్పుడూ చెయ్యాలా? – షార్లెట్, నార్త్ కరోలినా

అంతా అక్కర్లేదు గానీ గ్యాస్ సంగతి మాత్రం చూసే వెళ్ళండి, రెండు నెలలంటే ఎక్కువే. రెండు దారులున్నాయి. ట్యాంకులో ఉన్నది కాస్తే అయితే ఆరుబయట పెట్టి ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేదాకా నడపండి, గ్యాస్ వాల్వ్ ఉన్న మోడల్ అయితే అది మూసి నడిపితే కార్బురేటర్ గిన్నె ఒక్కటీ ఖాళీ అవుతుంది. లేదంటే ఫ్యూయల్ స్టెబిలైజర్ సీసా మీద రాసిన కొలతలో కొత్త గ్యాస్‌లో కలిపి ట్యాంకు నింపి, పది నిమిషాలు నడపండి, కలిపిన గ్యాస్ కార్బురేటర్ దాకా వెళ్ళాలి కదా, ఊరికే ట్యాంకులో పోసి మూత పెట్టేస్తే ఉపయోగం లేదు. పాతబడిపోయిన గ్యాస్‌లో పోసినా అంతే, అది చెడిపోకుండా ఆపుతుంది గానీ చెడినదాన్ని బాగుచెయ్యదు. క్యాన్‌లో మిగిలింది ఇంకా కొత్తదే అయితే వెళ్ళేముందు కారులో పోసెయ్యండి.

ఆయిల్, ప్లగ్, బ్లేడ్ పనులు నవంబర్‌కి పెట్టుకోండి, ప్లగ్ ఏడాదికోసారి కొత్తది వేసుకుంటే సరిపోతుంది, గ్యాప్ ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, చాలావాటికి 0.030 అంగుళాలు. ఇక మీరు లేని రెండు నెలలూ గడ్డి ఆగదు, జూన్ జూలైల్లో వాన పడితే వారానికే పాదం మునుగుతుంది, కాబట్టి వీధిలో ఎవరైనా హైస్కూల్ పిల్లాడితో ఇప్పుడే మాట్లాడుకోండి. వాడి మోవర్‌తోనే కొట్టమనండి, మీది ఇవ్వకండి.